గోడ మీద మరక

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ ఉదయం రేడియో దగ్గర కూర్చున్నవారిలో కొందరు ఇంట్లో ఒక మూల బకెట్టు కూడా పెట్టుకుని కూర్చున్నారేమో. వానలు పడుతున్నాయి. శ్లాబులోంచి చుక్క పడుతుంది, పడ్డాక కొంతసేపు ఆగుతుంది, ఆగింది కదా అని మనం కన్ను మూసేసరికి మళ్ళీ పడుతుంది. సామెతల గ్రంథకర్త 27వ అధ్యాయంలో ముసురు రోజున ఆగకుండా కారే ఇంటిని పోలికగా వాడుకున్నాడంటే, ఆయన కూడా అలాంటి ఇంట్లో ఒక రాత్రయినా పడుకుని ఉండాలి.

ఈ వారం ధ్యానమునకు లేవీయకాండము 14వ అధ్యాయము, 33వ వచనము నుండి 53 వరకు తీసుకున్నాను. ఏడాదిలో బైబిలు చదివి ముగిద్దామని జనవరిలో మొదలుపెట్టేవారు చాలామంది ఆగిపోయేది ఈ చుట్టుపక్కలనే. నేనూ ఆగిపోయినవాడినే. వేదాంత కళాశాలలో ఈ భాగాన్ని పరీక్ష కోసం చదివాను, పరీక్షతోపాటే మరిచిపోయాను. ఇంటి గోడకు కుష్ఠుపొడ పట్టడమేమిటి, దానికి యాజకుడు రావడమేమిటి అనుకున్నాను. నా ఇంటి గోడకు మరక పట్టిన తరువాత గాని అందులో ఏమున్నదో నాకు కనబడలేదు.

అక్కడ ఉన్న సంగతి ఇది. గోడలో పచ్చగానో ఎర్రగానో చారలు కనిపించాయి. పైపూతకు కాదు, గోడ లోపలికే పల్లముగా దిగినట్టున్నాయి. ఇంటి యజమాని యాజకుని దగ్గరకు వెళ్ళి, నా ఇంట్లో పొడ వంటిది ఏదో నాకు కనబడుతున్నది అని చెప్పాలి. యాజకుడు ముందుగా ఇల్లు ఖాళీ చేయించాలి, ఆ తరువాతే లోపలికి వెళ్ళి చూడాలి. చూసి వెంటనే తీర్పు చెప్పకూడదు. ఇంటిని ఏడు రోజులు మూసిపెట్టి, ఏడవ రోజున మళ్ళీ వచ్చి చూడాలి. పొడ వ్యాపించి ఉంటే ఆ రాళ్ళు మాత్రం ఊడబీకి ఊరి వెలుపల పారవేయించాలి. లోపలి గోడలన్నీ గీయించి, వేరే రాళ్ళు పెట్టించి, వేరే అడుసుతో పూయించాలి. అప్పటికీ తిరిగి వస్తేనే ఇల్లు పడగొట్టాలి. రాకపోతే ఆ ఇల్లు పవిత్రమని చెప్పాలి.

ఇందులో రెండు సంగతులు మీకు చూపిస్తాను. యజమాని ‘పొడ వంటిది’ అనాలి గాని ‘పొడ’ అనకూడదు. యూదుల మిష్నాలో నెగాయిమ్ అనే భాగమున్నది. మనిషి ఎంత చదువుకున్నవాడైనా, అది పొడేనని తనకు రూఢిగా తెలిసినా సరే, ‘వంటిది’ అనే చెప్పవలెనని 12వ అధ్యాయంలో బోధకులు నొక్కి చెప్పారు. రెండవది, ఇల్లు ముందుగా ఎందుకు ఖాళీ చేయించాలి? యాజకుడు అపవిత్రమని చెప్పిన క్షణంలో లోపలున్న సామానంతా అపవిత్రమవుతుంది. లోహపు పాత్రలు, బట్టలు నీళ్ళతో శుద్ధి చేసుకోవచ్చు. కుండలకు ఆ వీలు లేదు, పగలగొట్టవలసిందే. దేవుడు లెక్కలోనికి తీసుకున్నది ఆ పేదవాని మట్టికుండలనే అని వారు వివరించారు. తీర్పు చెప్పడానికి ముందే, తీర్పు వలన ఎవరి కుండ పగులుతుందో చూడమన్నాడు దేవుడు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పడానికి ఇష్టంగా లేదు, అయినా చెబుతాను.

మేము విశాఖపట్టణంలో ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తులో ఉంటున్నాము. మా పైన, మూడవ అంతస్తులో, పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య ఉంటారు. వారు మన విశ్వాసంలోని వారు కాదు గాని, మా పాప పుట్టినప్పుడు మొదట పళ్ళు పట్టుకుని దిగివచ్చింది వారే. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను వానలకు మా పాప పడుకునే గదిలో, కిటికీ పై మూలన, అరచేతంత మరక వచ్చింది. పదిహేను రోజుల్లో అది పళ్ళెమంత అయింది. పూత ఉబ్బి పెచ్చులు ఊడసాగాయి. మంచం వెనుక గోడంతా నల్లటి చుక్కలు పొడిచాయి. పాపకు అప్పుడు ఏడేళ్ళు. చిన్నప్పటి నుంచే ఆయాసం ఉంది. ఆ చలికాలంలో రాత్రి రెండింటికి లేచి నెబులైజరు పెట్టని వారం లేదు. పిల్ల రొమ్ము ఎగిసిపడుతుంటే గోడ వంక చూస్తూ కూర్చున్న తండ్రికి వేదాంతం ఏమీ గుర్తుండదు.

మా సంఘంలో ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు. అరవై దాటిన మనిషి. పిలిస్తే వచ్చాడు. గోడ మీద వేళ్ళతో తట్టాడు, చెవి ఆనించాడు, బయట బాల్కనీలోంచి మెడ చాచి చూశాడు. “అయ్యగారూ, ఇప్పుడే ఏమీ పగలగొట్టొద్దు. ఒక వారం రోజులు కాగితం మీద రాయండి. ఏ రోజు వాన పడింది, ఏ రోజు పడలేదు, పైన వాళ్ళు నీళ్ళు ఎప్పుడు వాడారు, మరక ఎప్పుడు తడిసింది, ఎప్పుడు ఆరింది. వారం తర్వాత వస్తాను” అన్నాడు. ఆటో ఖర్చులకు వంద ఇమ్మన్నాడు. ఇచ్చాను గాని, పని రానివాడు వాయిదా వేస్తున్నాడని మనసులో అనుకున్నాను. కాగితమూ రాయలేదు, మళ్ళీ పిలవనూ లేదు.

వారం రోజులు ఆగి చూడమన్న మనిషిని వాక్యం చదివిన నేనే పంపించేశాను. అప్పటికి నాకు లేవీయకాండము గుర్తుకు రానేలేదు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కు సంఘస్థులు ఇంటికి వస్తారు గదా. మరకను గీకించి, పైన తెల్ల రంగు వేయించాను. యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయంలో బలహీనమైన గోడకు పైపూత పూసేవారి మీద, దాని మీద కురవబోయే వాన మీద ఎంత కఠినమైన మాట ఉన్నదో, ఆ అధ్యాయం మీద నేనే రెండు సార్లు ప్రసంగించి ఉన్నాను. ఫిబ్రవరికల్లా తెల్ల రంగు లోపలి నుంచి నలుపు తేలింది. బూజు బ్రతికి ఉన్న గోడ మీద రంగు వేస్తే అది చావదు, రంగు కిందనే పెరుగుతుంది.

2022 మే నెలలో మాస్టారు దంపతులు హైదరాబాదులో కూతురింటికి వెళ్ళారు. ఆశ్చర్యం, మరక ఆరిపోయింది! జూన్ రెండవ వారంలో వారు తిరిగి వచ్చారు. నాలుగు రోజులకు మూల మళ్ళీ తడిసింది. ఇంకేమి సాక్ష్యం కావాలి? మరక పైననే వారి బాత్‌రూం. అంతా స్పష్టమైపోయిందనుకున్నాను. మే నెల ఎండాకాలమని, జూన్ రెండవ వారంలో మాస్టారు ఒక్కరే కాదు, వానలు కూడా వచ్చాయని నాకు తట్టలేదు. కోపంగా ఉన్నవానికి తనకు కావలసిన కారణం ఒకటి దొరికితే, రెండవ దాని కోసం వెదకడు.

అప్పుడు ఒక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీని పిలిచాను. ఇస్త్రీ చొక్కాలు, మెడలో కార్డులు, చేతిలో చిన్న యంత్రం. గోడకు ఆనిస్తే అంకె చూపించింది. ఐదు నిమిషాలు పట్టలేదు, “పైవాళ్ళ బాత్‌రూం సార్, నూటికి నూరు శాతం” అన్నాడు. ఆ యంత్రం గోడలో తడి ఎంత ఉందో చెబుతుందే గాని, ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అడగాలని నాకు తెలియదు, చెప్పాలని ఆయనకు లేదు. మా గది లోపల రసాయనం పూయడానికి 28 వేలు, పదేళ్ళ గ్యారంటీ అన్నారు. బిల్లు కావాలంటే దాని మీద 18 శాతం పన్ను, వద్దంటే ఆ ఐదు వేలు మిగులుతాయన్నారు. మిగుల్చుకున్నాను. మోసపోయానని ఊరంతా చెప్పుకున్నాను గాని, సహోదరులారా, ఆ ఐదు వేల సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు మీకు చెబుతున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగు. నేను లేచి మాట్లాడాను. మాట్లాడటం నా వృత్తి కదా. నా బిడ్డ ఊపిరి గురించి చెప్పాను, కంపెనీవారి మాట చెప్పాను, పొరుగువాని క్షేమం పట్టనివారు ఎంత చదువుకుని ఏం లాభమని కూడా అన్నాను. పదహారు కుటుంబాల ముందు. మాస్టారు ఏమీ మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జూలైలో అదే కంపెనీతో బాత్‌రూం మొత్తం పగలగొట్టించి, పైపులు మార్పించి, కొత్త టైల్స్ వేయించారు. 42 వేలు, పింఛను డబ్బు. ఆ పదిహేను రోజులూ మోకాళ్ళ నొప్పులున్న ఆ అమ్మగారు డాబా మీద వాచ్‌మన్ వాడుకునే గదికి మెట్లెక్కి వెళ్ళివచ్చేవారు. మా తలుపు ముందు నుంచే గదా దారి అనుకుంటారేమో, కాదు, వారిది పై అంతస్తు. నేను చూడవలసిన పనే లేకపోయింది. శబ్దం మాత్రం వినిపించేది, ఒక్కొక్క మెట్టు.

ఆగస్టులో పెద్ద వాన పడింది. తెల్లవారి లేచి చూస్తే మూల తడిసి ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి, మీలో చాలామందికి ఉపయోగపడే మాటలు కొన్ని చెబుతాను. ప్రసంగంలో ఇవేమిటని అనుకోకండి. మోషే ధర్మశాస్త్రంలో గోడ గీయడమూ ఉంది, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో మేడకు పిట్టగోడ కట్టమని కూడా ఉంది.

నీటికి ఒక అలవాటున్నది. అది కారిన చోట కనబడదు. శ్లాబులో కడ్డీ వెంట, పైపు వెంట పాకి, వీలున్న చోట బయటపడుతుంది. అందుకని మరక పైన ఏముందో చూసి తీర్పు చెప్పకూడదు. వాన పడినప్పుడే తడుస్తుంటే బయటి గోడ, డాబా, పిట్టగోడ పగుళ్ళు, వాన నీళ్ళ పైపు చూడాలి. వానలతో పని లేకుండా రాత్రింబగళ్ళు ఒకే తీరున తడిగా ఉంటే, ఎప్పుడూ నీళ్ళు నిండి ఉండే పైపు కారుతున్నదేమో చూడాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, తెల్లవారి చూస్తే తెలిసిపోతుంది. స్నానాలైన తరువాత తడుస్తుంటే బాత్‌రూం నీళ్ళు పోయే జాలీ దగ్గర అనుమానం. ఆ జాలీ మూసి రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టి కింద చూడవచ్చు. పగలగొట్టడానికి ముందు చేయవలసిన పరీక్ష అది. ఖర్చు లేదు గనుక మాకెవ్వరూ చెప్పలేదు. గోడకు ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా గట్టిగా అంటించి రెండు రోజులు వదలండి. కాగితం వెనుక, గోడ వైపు నీటి బిందువులుంటే తడి గోడలోంచి వస్తున్నట్టు. ముందు వైపు ఉంటే అది గదిలోని గాలి తేమ. కిటికీలు తెరవక, తడి బట్టలు గదిలో ఆరేసుకునే మన పొరపాటు.

తెల్లగా పొడి లేచిందంటే అన్నీ బూజు కావు. గోడలో ఉప్పు తేలినా అలాగే ఉంటుంది. కొంచెం నీళ్ళు చిలకరిస్తే ఉప్పు కరిగిపోతుంది, బూజు కరగదు. ఇక బూజు గురించి భయం చెప్పి అమ్మేవారు చాలామంది ఉన్నారు. నల్ల బూజు ప్రాణాంతకమని, పరీక్షలకు ఐదు వేలనీ, పది వేలనీ అంటారు. రంగును బట్టి ఏది ఎంత హానికరమో చెప్పలేము. కంటికి కనబడుతున్న బూజుకు పరీక్ష అక్కరలేదు, దానిని తీసివేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలలో, తడి, బూజు ఉన్న ఇళ్ళలో ఉండేవారికి శ్వాస సంబంధమైన ఇబ్బందులు, ఉబ్బసం పెరిగే ప్రమాదం ఉన్నదని చెప్పారు. గనుక తేలికగా తీసుకోకండి, పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఒక చాప పరచినంత చిన్న మేర అయితే ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బు నీళ్ళతో రుద్ది పూర్తిగా ఆరబెట్టవచ్చు. తడిసినదాన్ని ఒకటి రెండు రోజులలో ఆరబెట్టగలిగితే చాలావరకు బూజు మొదలే కాదు. ఒక్క హెచ్చరిక. బ్లీచింగు పొడి, బాత్‌రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది, తలుపు మూసిన బాత్‌రూంలో మనుషులు స్పృహ తప్పి పడిపోతారు. నీరు వచ్చే దారి మూయకుండా ఎన్నిసార్లు రుద్దినా మళ్ళీ వస్తుంది, అది వేరే చెప్పాలా.

పనివారి గురించి కూడా అడుగుతారు, అయ్యగారూ ఎవరిని నమ్మాలి అని. రాజులు రెండవ గ్రంథము 12వ అధ్యాయము చదవండి. మందిరం మరమ్మతుకని డబ్బు పోగవుతుంది. యోవాషు రాజు ఏలుబడిలో ఇరవై మూడవ సంవత్సరం వచ్చినా మందిరం పగుళ్ళు అలాగే ఉన్నాయి. డబ్బు తీసుకుని మరమ్మతు చేయించనిది ఎవరు? వడ్లవారా, కాసెపనివారా? కాదు, యాజకులు. నా వంటివారు! యాజకుడైన యెహోయాదా ఒక పెట్టెకు మూతలో బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు, లెక్క రాజు లేఖికుని ఎదుట తేలేది. ఆ డబ్బు పనివారి చేతికి ఇచ్చినప్పుడు మాత్రం వారిని లెక్క అడగలేదు, వారు నమ్మకంగా పనిచేశారు గనుక. నేను చేసినది దీనికి సరిగ్గా తలకిందులు. వంద రూపాయలు అడిగిన మేస్త్రీని అనుమానించాను, కార్డు మెడలో వేసుకున్నవానిని నమ్మాను.

లెక్క అడగడం అవిశ్వాసం కాదు. మొత్తం ముందుగా ఇవ్వకండి. ఏమి చేస్తారో, ఏ సామానుతో చేస్తారో, ఎంతకో కాగితం మీద రాయించుకోండి. గ్యారంటీ అంటే దేనికి గ్యారంటీ, పూతకా, నీరు రాకపోవడానికా అని అడగండి. బయటి నుంచి వచ్చే నీటిని లోపల పూత వేసి ఆపుతామనేవారిని రెండు సార్లు అడగండి. బిల్లు తీసుకోండి. మోసం జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. మీరుంటున్న జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారమైతే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెళ్ళాలి. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. విశ్వాసి కోర్టుకెక్కవచ్చునా అంటారు కొందరు. 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో ఉన్నది సహోదరుల మధ్య తగవుల సంగతి. పౌలు అవసరమైనప్పుడు కైసరు దగ్గరే చెప్పుకొంటానన్నాడు, అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయము. ఇక పని చేసినవాని కూలి సాయంత్రం దాటనివ్వకండి. లేవీయకాండము 19వ అధ్యాయము, యాకోబు పత్రిక 5వ అధ్యాయము దీని గురించి ఏమంటున్నాయో మీకు తెలుసు. తెలిసి కూడా ‘రేపు రా’ అంటాము.

నా దగ్గరకు వస్తే, గ్యారంటీ కార్డు మీద ముద్ర లేదు, బిల్లు నేనే వద్దన్నాను. ఆ ఫోను మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు మోగనూ లేదు. ఫిర్యాదుకు ఆధారమేమిటని అడిగితే నా దగ్గర నా అత్యాశ ఒక్కటే ఉంది.

ఆగస్టు చివరలో మేస్త్రీ ఇంటికి నేనే వెళ్ళాను. కాగితం రాశారా అయ్యగారూ అని అడిగాడు. ఏడాది గడిచింది, ఆ కాగితం మాట ఆయన మరిచిపోలేదు. రాయలేదన్నాను. వచ్చాడు. మనవణ్ణి బాల్కనీలో కూర్చోబెట్టి, డాబా మీద నుంచి రబ్బరు పైపు దింపి, బయటి గోడ మీద నీళ్ళు పట్టించాడు. పైనుంచి కాదు, కింద నుంచి. అరగంట ఒక చోట, తరువాత మూడడుగులు పైకి, మళ్ళీ అరగంట. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అంతటా జారి ఎక్కడ దిగాయో తెలియదట. మధ్యాహ్నానికి పైపు మా కిటికీ సజ్జా దాటి, వాన నీళ్ళ గొట్టం అతుకు దగ్గరకు చేరింది. ఇరవై నిమిషాలకు లోపల మూల చెమర్చింది. డాబా నుంచి దిగే ఆ గొట్టానికి గోడ పట్టీ ఊడిపోయి ఉంది, అతుకు విడిపోయి ఉంది. దాని వెనుక సజ్జా గోడకు కలిసే చోట వెంట్రుక మందం పగులు. “ఎప్పటిదో తుఫాను దెబ్బ అయ్యగారూ” అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆదివారం, ఆ రోజు మాకు ఆరాధనే జరగలేదు. ఆ గాలికే కదిలి ఉంటుందని నా ఊహ. బాత్‌రూముకూ మరకకూ ఏ సంబంధమూ లేదు. పట్టీ, అతుకు, పగులు, కూలి అన్నీ కలిపి 3,200 రూపాయలు.

ఆ సాయంత్రం కూలి చేతిలో పెడుతుంటే ఆయన అడిగాడు, “పైన మాస్టారుగారికి చెప్పారా అయ్యగారూ?”

చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. రెండు పనులూ అయ్యాయి గదా, దేనివలన ఆగిందో ఎవరు చూడవచ్చారు. రాత్రంతా ఆ ఆలోచన వచ్చింది, మీ దగ్గర దాచను. తెల్లవారుఝామున లేవీయకాండము తెరిచింది అందుకే. సమాధానం కోసం కాదు, తప్పించుకోవడానికి మాట దొరుకుతుందేమోనని. దొరికింది ‘వంటిది’ అన్న మాట. నేను నాకు అలా కనబడుతున్నదని అనలేదు, అదే అన్నాను. ఇల్లు ఖాళీ చేయించకుండా తీర్పు చెప్పి, ఆయన కుండలు పగలగొట్టాను. మిష్నాలో అదే 12వ అధ్యాయంలో ఇంకొక మాట ఉన్నది. ఇద్దరి ఇళ్ళకూ ఉమ్మడి గోడ ఉంటే, పొడ పట్టినది ఒకరికే అయినా, రాళ్ళు పీకడం ఇద్దరిదీ, గీయడం ఇద్దరిదీ, రాళ్ళు తేవడం ఇద్దరిదీ, మన్ను తేవడం మాత్రం ఆ ఒక్కనిది. దుష్టుని పక్కన ఉన్నందుకు పొరుగువానికి ఎంత నష్టమో అని వారు నిట్టూర్చారు. ఇన్నాళ్ళూ ఆ దుష్టుడు పైన ఉన్నాడనుకున్నాను.

పైకి వెళ్ళాను. మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. అంతా చెప్పాను, క్షమించమన్నాను. 42 వేలూ నేనే ఇస్తానన్నాను, నెలకు 2,100 చొప్పున, ధర్మశాస్త్రం ప్రకారం అసలుకు ఐదవ వంతు కలిపి, ఇరవై నాలుగు నెలలు. లేవీయకాండము 6వ అధ్యాయము లెక్క అది. లెక్కల మాస్టారు గదా, మనసులోనే గుణించి చూసుకున్నారు. తరువాత అన్నారు, “డబ్బు సంగతి తర్వాత చూద్దాం పాస్టరుగారూ. మీరు ఆ మాట మీటింగులో అన్నారు. ఇది మీటింగులో చెప్పండి.”

క్షమించానని అంటారని ఎదురుచూసి వెళ్ళాను. మన కథలలో అలాగే జరుగుతుంది కదా.

సెప్టెంబరు మీటింగులో లేచి నిలబడ్డాను. మాట్లాడటం నా వృత్తి అని ఇందాక చెప్పాను. ఆ రోజు నాలుగు వాక్యాలు చెప్పడానికి నాకు నోరు ఎండిపోయింది. ఎవరో, పోనిద్దురూ అన్నారు. మాస్టారు పోనివ్వలేదు, పూర్తిగా చెప్పనిచ్చారు. అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నారు.

డబ్బు ఆయన వద్దనలేదు. ప్రతి నెలా మొదటి శనివారం తీసుకుని, నోట్లు లెక్కపెట్టి, రసీదు రాసి ఇచ్చేవారు. 2024 ఏప్రిల్‌లో ఇరవయ్యవ రసీదు రాసి, “అసలు ముట్టింది. ఆ ఐదవ వంతు మీ పుస్తకంలోనిది, నా పుస్తకంలో లేదు” అని పెన్ను మూత పెట్టారు. ఆ ఇరవై రసీదులు నా బైబిలులో ఉన్నాయి. మాస్టారు నాతో మాట్లాడుతున్నారు. మా పాపకు లెక్కలు కూడా చెబుతున్నారు. ఆ అమ్మగారు మాత్రం మెట్ల మీద నా భార్య ఎదురైతే ఇప్పటికీ గోడ వైపు చూస్తూ దిగుతారు. మోకాలు పట్టుకుని, ఒక్కొక్క మెట్టు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, ఈ వానలలో కురిసే ఇళ్ళలో, రేకుల కింద, పరదాల కింద ఉన్నవారిని జ్ఞాపకము చేసుకొనుము. ఊపిరి ఆడక లేచి కూర్చున్న పిల్లలను, వారి పక్కన మేలుకొని ఉన్న తల్లిదండ్రులను చూడుము. ఈ రోజు ఎత్తైన గోడలకు తాళ్ళు కట్టుకుని వ్రేలాడే పనివారిని క్షేమముగా కిందికి దింపుము, వారి కూలి సాయంత్రానికి వారి చేతికి చేరనిమ్ము. మేము నిందించినవారి తలుపు తట్టుటకు మాకు కాళ్ళనిమ్ము. మా పై అంతస్తులోని ఆ తల్లి మోకాళ్ళకు స్వస్థత దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.